స్టేడియం దక్షిణపు మూల

1990లో నేను కువైట్‌లో ఒక పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో పంపు ఆపరేటర్‌ని. పేరు గొప్పగా ఉంది కదా అని మోసపోకండి. గడ్డికి నీళ్ళు పట్టడం, పట్టిన నీళ్ళు నిలవకుండా బయటికి తోలడం, ఇంతే నా పని. మాది కడప జిల్లా, రాయచోటి పక్క. బిందెడు నీళ్ళకు జుట్లు పట్టుకునే ఊళ్ళో పుట్టి, ఎడారిలో గడ్డికి ట్యాంకులకు ట్యాంకులు పారబోసి జీతం తీసుకున్నానంటే మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. స్టేడియంలో పనిచేశాననగానే ఎవరైనా అడిగేది ఆటగాళ్ళ గురించే. ఏ జట్టును చూశావు, ఎవరితో ఫోటో దిగావు అంటారు. నాకు చెప్పాలనిపించేది ఆటగాళ్ళ సంగతి కాదు, ఆ మైదానంలో ఒక మూల సంగతి.

ఆ ఏడాది మొదట్లో గల్ఫ్ దేశాల ఫుట్‌బాల్ పోటీలు కువైట్‌లో జరిగాయి. వాటికోసం ముందునుంచే ఊరంతా హడావుడి. కొత్త స్కోరు బోర్డు, పెద్దలు కూర్చోవడానికి మెత్తటి కుర్చీలు, డ్రెస్సింగ్ రూముల్లో పాలరాయి. వచ్చినవాళ్ళంతా దీపాలు చూశారు, కుర్చీలు చూశారు. మైదానం మాత్రం దానంతటదే పచ్చగా ఉందనుకున్నారు. ఎడారిలో ఏదీ దానంతటదే పచ్చగా ఉండదండీ.

మైదానం ఎలా కడతారో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పైన గడ్డి. దాని కింద స్వీట్ సాయిల్, అంటే లారీల్లో తెచ్చి పోసిన సాగు మట్టి. ఎడారి ఇసకలో గడ్డి బతకదు. దాని కింద కంకర. కంకరలో చిల్లులున్న పైపులు. పైన పట్టిన నీళ్ళు మట్టిలోంచి దిగి, ఆ పైపుల్లో పడి, మైదానానికి దక్షిణపు మూలన ఉన్న సంప్‌కి చేరతాయి. సంప్ అంటే నేలలో కట్టిన నీళ్ళ తొట్టి. అక్కడినుంచి ఒక మోటారు వాటిని బయటికి తోడేస్తుంది. మోటారు ఆగిందా, ఆ మూలంతా వరిమడే. చూడ్డానికి పైన పచ్చగానే ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది.

గడ్డి కోసేవాడు ఓబులేసు. మా పక్క ఊరివాడే. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. మనిషి ఎండు పుల్లలా ఉండేవాడు గానీ నోరు మాత్రం మైదానం ఆ చివరినుంచి ఈ చివరికి వినపడేది. కోత మిషన్ మీద కూర్చుని ఒక చాలు అటు, ఒక చాలు ఇటు తోలి, గడ్డిలో లేతపచ్చ, ముదురుపచ్చ చారలు దించేవాడు. టీవీలో చారలు వంకర కనపడితే ఆ రోజు అన్నం తినేవాడు కాదు.

“మల్లన్నా, మా రమణమ్మ తలకు కూడా నేనిట్ల దువ్వలేదు సూడు” అనేవాడు.

రమణమ్మ అతని భార్య. ఆమె కూడా కువైట్‌లోనే ఒక ఇంట్లో పనిమనిషి. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారన్న మాటేగానీ, ఈయన ఖైతాన్ పేటలో మా రూంలో, ఆమె మామా వాళ్ళింట్లో. మామా అంటే ఇంటి యజమానురాలు. ఆవిడ మనసు బాగున్న శుక్రవారం ఆమెను బయటికి వదిలేది. మొగుడూ పెళ్ళాం బస్టాపులో నిలబడి మాట్లాడుకుని, టీ తాగి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళు. నేను పక్కన ఉంటే సిగ్గుపడి ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్ళు.

స్టేడియం మేనేజరు కువైటీ. ముదీర్ అని పిలిచేవాళ్ళం, అంటే మేనేజరనే. సగం అరబ్బీ, సగం ఉర్దూ కలిపి మాతో మాట్లాడేవాడు. చెడ్డవాడని అప్పట్లో నేను అనుకోలేదు, ఇప్పుడు కూడా అంత తేలిగ్గా అనలేను. మా పాస్‌పోర్టులు అందరి కఫీళ్ళ లాగే, అంటే వీసా ఇప్పించిన యజమానుల్లాగే, ఆయనా తన ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాడు. పోటీలు అయిపోయిన రోజు విదేశీ అతిథుల ముందు ఓబులేసు భుజం తట్టి, “ఈ గడ్డి నా బిడ్డ, వీడు దానికి ఆయా” అన్నాడు. ఓబులేసు ఆ మాటను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. తెల్లారి లేచేసరికి రోడ్ల మీద ట్యాంకులు. ముదీర్ ఆ మర్నాడు కారులో పిల్లల్ని, సామాన్లను కుక్కుకుని స్టేడియం గేటు దగ్గర ఆగాడు. ఇంజను కూడా ఆపలేదు. “సౌదీ వెళ్తున్నాం. వారంలో వచ్చేస్తా. నీళ్ళు ఆపొద్దు. నేను వచ్చేసరికి గడ్డి పచ్చగా ఉండాలి. వచ్చాక పాస్‌పోర్టులిచ్చి ఇద్దర్నీ లీవు మీద పంపిస్తా. యల్లా” అన్నాడు. పాస్‌పోర్టుల మాట నేను అడిగేలోపల కారు కదిలిపోయింది.

రమణమ్మ వాళ్ళ మామా కుటుంబం ఎండాకాలం సెలవులకు ముందే విదేశం వెళ్ళిపోయింది. ఆమె ఆ ఇంటికి తాళం వేసి, నడుచుకుంటూ ఖైతాన్‌కు మా రూంకి వచ్చేసింది. మిగతావాళ్ళం వరండాలోకి మారి వాళ్ళిద్దరికీ గది ఇచ్చాం. కువైట్‌కి వచ్చాక ఆ మొగుడూ పెళ్ళాం ఒక కప్పు కింద ఉన్నది ఆ యుద్ధం పుణ్యాన్నే. ఆమె చేసిన రొట్టెలు తింటూ ఓబులేసు, “సద్దాం సల్లగుండ” అని ఒకసారి పరాచికమాడితే ఆమె చెంబు విసిరింది.

స్టేడియంలోకి సైనికులు వచ్చారు. మొదట లారీలు నిలుపుకున్నారు, తర్వాత దోచుకోవడం మొదలుపెట్టారు. కుర్చీలు, ఏసీలు, స్కోరు బోర్డు, ఆఖరికి పాలరాయి మీది కుళాయిలు కూడా. మేము ఉన్నామా లేమా అని పట్టించుకోలేదు. ఒకరోజు వెళ్ళి చూస్తే సంప్ మోటారు లేదు. బోల్టులు విప్పి, వైర్లు కోసి పట్టుకుపోయారు. నీళ్ళు పట్టే డీజిల్ పంపు మాత్రం నేలమాళిగలో ఉండబట్టి వాళ్ళ కంట పడలేదు.

నేను ఓబులేసుకు అప్పుడే చెప్పాను.

“రే నాయనా, ఇంగ నీళ్ళు పెట్టద్దురా. పెట్టినయి బయటికి పోవు, మూలంతా బురదైతాది.”

“ఆగస్టు ఎండన్నా. రెండు దినాలు నీళ్ళు లేకపోతే ఎండుతాది, వారానికి సస్తాది.”

“సస్తే సావనీ. ఎవురికోసరం పెడతాండావు? సిపాయిలు ఫుట్‌బాల్ ఆడతారా?”

“ముదీర్ వస్తాడు గదా. గడ్డి సచ్చింటే పాస్‌పోర్టు యాడిస్తాడు? రమణమ్మను తీస్కోని ఊరికి పోవల్లన్నా నేను. నాకు గడ్డి పచ్చగుండాల్సిందే.”

అదీ అతని లెక్క. ముదీర్ చెప్పిన మాటను గేటు దగ్గరే గుండెల్లో కట్టుకున్నాడు. కువైట్‌లో మేమంతా అలాగే బతికాం: కఫీల్ చెప్పిన పని చేస్తే కాగితాలు చేతికొస్తాయి, చేయకపోతే రావు. దేశమే లేకుండా పోయినా ఆ అలవాటు మాలోంచి పోలేదు. కఫీల్ పారిపోతే పని కూడా పోయినట్టేనని అనుకోవడానికి మాకు ధైర్యం చాలలేదు. పొద్దున్నే నేను వద్దన్నా డీజిల్ పంపు తనే తిప్పి నీళ్ళు పట్టేవాడు.

ఆ రోజు నేను నేలమాళిగలో ఉన్నాను. పైన ఏదో బండి ఇంజను గింజుకుంటున్న మోత. మెట్లెక్కి చూస్తే దక్షిణపు మూలన మిలిటరీ లారీ ఒకటి ఇరుసుల దాకా దిగిపోయి ఉంది. స్కోరు బోర్డు రేకులు, ఏసీ కంప్రెసర్లు నిండా వేసుకుని, బయటికి పోయే సొరంగం దారి ఆ మూలనే ఉంది గనక, మైదానం మీదుగా అడ్డంగా తోలారు. పైకి పచ్చగానే ఉంది కదా. సైనికులు చక్రాల చుట్టూ తవ్వుతున్నారు. ఇంకో బండికి తాడు కట్టి లాగారు. లారీ బయటికొచ్చింది, అక్కడ గోతి మిగిలింది.

అంతసేపూ ఓబులేసు పారిపోవాల్సింది పోయి, పార పట్టుకుని వాళ్ళకు సాయం చేస్తున్నాడు. గడ్డి ఇంకా పాడవకుండా పలకలు ఎలా వేయాలో సైగలతో చూపిస్తున్నాడు. అప్పుడొచ్చాడు ఆఫీసరు. గోతిని చూశాడు, బురదను చూశాడు. ఇక్కడ నీళ్ళు ఎవరు పెట్టారని అడిగాడు. ఓబులేసుకు ఆ మాత్రం అరబ్బీ వచ్చు. “నేనే” అన్నాడు. దాచాల్సిన సంగతి అని అతనికి తోచనే లేదు. నీళ్ళు పెట్టడం అతని పని. పోటీల రోజుల్లో ఎందరో పెద్దలు అదే ప్రశ్న అడిగితే అదే జవాబు చెప్పాడు.

ఆఫీసరు “ముఖర్రిబ్” అని అరిచాడు. కావాలని విధ్వంసం చేసేవాడు అని దానర్థం. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. సంప్ వైపు చెయ్యి చూపిస్తూ “మోటార్ మాఫీ, మోటార్ మాఫీ” అని అరిచాను. మోటారు లేదు సామీ, మీరే ఎత్తుకుపోయారు, అందుకే నీళ్ళు నిలిచాయి, ఇందులో వీడి తప్పేమీ లేదు అని చెప్పాలి. నాకొచ్చిన అరబ్బీలో అంత మాట పట్టదు. ఒకడు తుపాకి మడమతో నా ఛాతీ మీద పొడిచి గోడకు నెట్టాడు. ఆఫీసరు సంప్ వైపు తల కూడా తిప్పలేదు. తన నడుము పిస్తోలు తీసి కాల్చాడు. ఓబులేసు పార వదలకుండానే పడిపోయాడు.

ఆఫీసరు గోతి వైపు వేలు చూపించి ఏదో చెప్పి జీపెక్కాడు. ఆ గోతిలోనే వేసి పూడ్చమని. దోచుకున్న సొమ్ముతో వాళ్ళ లారీ దిగితే, ఆ లారీ కోసం వాళ్ళు తవ్విన గోతి మా వాడికి సరిపోయింది.

సైనికుల్లో ఒకడు నెరిసిన మీసాలవాడు. అతని కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, ఇతని భార్య ఖైతాన్‌లో ఉంది, ఒక్కసారి చూపించనీ అని సైగలతో బతిమాలాను. అతను ఎండ వైపు చూసి, తొందరగా వెళ్ళి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. మిగతావాళ్ళను అవతలికి తీసుకుపోయాడు. అతని పేరు అడగలేదు. అడిగినా నాతో చెప్పేవాడు కాదేమో.

రమణమ్మ గదిలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, నా వెనక చూసింది.

“ఆయప్ప యాడన్నా?”

“పా తల్లీ” అన్నాను. ఆమెకు అర్థమైంది. దారిలో చెక్‌పోస్టు దగ్గర సిపాయి అడిగినా తల ఎత్తలేదు. మైదానంలోకి వచ్చి ఓబులేసు పక్కన కూర్చుని, కొంగుతో మొహం మీది బురద తుడిచింది. తుడిచి తుడిచి, అప్పుడు గోతిని చూసింది.

“ఈడనా పెట్టేది? వద్దన్నా. ఊరికి తీస్కపోదాం. మా అత్త కండ్ల సూడల్ల గదా.”

“ఎట్ల తీస్కపోతాం తల్లీ? ఇమానాలు లేవు, బండ్లు లేవు. మనమే ఎట్ల పోతామో తెలీదు.”

“మాలో పూడ్సేదే, కాల్సేది ల్యా. అయినా ఎవురి మన్నులోనో పెడతారా అన్నా, దొంగసొమ్ము దాపెట్టినట్ల?”

“ఇప్పటికి ఈడ పెడదాం. అంతా సల్లబడినాక నేనే వచ్చి, నేనే తవ్వి, నీ చేతికిస్తా. ఊరికి తీస్కపోదువు. నా బిడ్డల మీద ఒట్టు.”

ఆమె నా మొహం వైపు చూసింది. “నువ్వే తీసియ్యల్ల. ఇంగెవురికీ తెలీదు ఆయప్ప ఈడుండాడని” అంది. తర్వాత, “తల దచ్చినానికి పెట్టల్ల. దచ్చినం యాదన్నా?” అని అడిగింది.

చుట్టూ మెట్లు, మధ్యలో మైదానం. అలాంటిచోట కొత్తవాళ్ళకు దిక్కు తెలియదు. కానీ స్టేడియంలో గోల్‌పోస్టులు ఎప్పుడూ ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి కడతారు, సాయంత్రపు ఎండ గోల్‌కీపరు కళ్ళలో పడకూడదని. ఆ గోలు చూపించి, అదేనమ్మా దక్షిణం అన్నాను. నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఆమెకు పనికొచ్చింది అంతవరకే. చుట్టడానికి గుడ్డ లేదు. స్టోర్లో పోటీలప్పటి బ్యానర్ ఒకటి మిగిలితే తెచ్చాను. అతిథులకు స్వాగతం అని అరబ్బీలో రాసి ఉంది దానిమీద. దాంట్లోనే చుట్టి దించాం. మట్టి కప్పాక, వేరే చోటినుంచి గడ్డిని చదరాలుగా కోసి తెచ్చి పైన పరిచాను. గడ్డి పాడైన చోట మేము చేసే అతుకు పనే అది. అతుకు తెలియకుండా పరచడం నాకు నేర్పింది ఓబులేసే.

తర్వాత బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బస్సుల్లో, లారీల్లో పడి, అక్కడినుంచి విమానంలో బొంబాయి చేరాం. పాస్‌పోర్టులు లేవు, ఎంబసీ ఇచ్చిన ఒక కాగితం మీద వచ్చాం. దారిలో ఎడారి గుడారంలో ఉన్నప్పుడు రమణమ్మ ఒక్కసారే ఆ మాట ఎత్తింది. “నీళ్ళు పెట్టొద్దని నువ్వు సెప్పినావంట గదన్నా. నాతో చెప్పినాడు.” నేను తలూపాను. “ఇనడు. ఆయప్ప ఎవురి మాటా ఇనడు” అంది, ఇంకా బతికి ఉన్న మనిషి మీద విసుక్కున్నట్టు.

యుద్ధం ముగిశాక, 1992లో అదే కంపెనీ వీసా పంపితే మళ్ళీ వెళ్ళాను. వెళ్ళడానికి నాకు సంసారం ఒక కారణం, ఆ ఒట్టు ఒక కారణం. మైదానంలో గడ్డి లేదు. మట్టంతా ఆయిలు మరకలు, బండి చాళ్ళు. ముదీర్ నన్ను కౌగిలించుకున్నాడు. “మల్లన్నా, బతికున్నావా! ఓబులేస్ ఏడి? వాణ్ణీ పిలిపించు, విదేశం నుంచి కొత్త గడ్డి వస్తోంది” అన్నాడు. నేను జరిగింది చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి నిజంగానే ఏడ్చాడు. ఆయన తమ్ముణ్ణి ఆ రోజుల్లో సైనికులు పట్టుకుపోయారు, ఇంతవరకు జాడ లేదు. మన ఖైదీలను మరవకండి అన్న బ్యాడ్జి ఆయన దిష్‌దాషా మీద, అంటే పొడుగు తెల్లంగీ మీద, రోజూ ఉండేది.

ఆ కన్నీళ్ళు చూసి పని అయిపోయిందనుకున్నాను. పిచ్చివాణ్ణి.

మర్నాడు వెళ్ళి, “సార్, కొత్త గడ్డి వేయకముందే మూల తవ్వుకోనివ్వండి. నేనూ, ఇంకో ఇద్దరూ చాలు. ఒక పూట పని” అన్నాను.

“తవ్వి?”

“ఎముకలు ఊరికి పంపిస్తాం. ఆమె ఎదురుచూస్తోంది.”

ఆయన తలుపు వేసి వచ్చాడు. “ఎముకలు బయటికొస్తే పోలీసులొస్తారు. కేసంటారు, పని ఆపమంటారు. ఎన్ని నెలలో తెలుసా? యుద్ధం తర్వాత మొదటిసారి విదేశీ జట్లు వస్తున్నాయి. కువైట్ మళ్ళీ లేచి నిలబడిందని లోకమంతా చూడాలి. సమాధి మీద ఆడారని తెలిస్తే ఏ జట్టు వస్తుంది?”

“వాడు మీ మాట మీదే నీళ్ళు పెట్టాడు సార్. గడ్డి పచ్చగా ఉండాలని మీరే చెప్పారు.”

“నేనా? నేనెప్పుడు చెప్పాను?”

అబద్ధమాడుతున్నాడా, నిజంగానే మరిచిపోయాడా అని ఆ మొహంలో వెతికాను. మరిచిపోయాడు. కారు అద్దంలోంచి అన్న నాలుగు మాటలు. ఆయనకు అవి గుర్తుండాల్సిన అవసరమేముంది? నాకు ఒళ్ళు మండింది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, రద్దయితే అయిందని అనేశాను.

“మీ తమ్ముడు కూడా ఎక్కడో ఎవరి మట్టిలోనో ఉండి ఉంటే, అక్కడ కూడా మీలాంటి ముదీర్ ఒకడు ఉంటాడు సార్. రోడ్డు వేయాలి, తవ్వనివ్వను అంటాడు.”

ఆయన చెయ్యి బ్యాడ్జి మీదికి పోయింది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. “ఖలాస్. వెళ్ళి పని చూసుకో” అన్నాడు. నన్ను ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు, తవ్వనివ్వనూ లేదు.

ఒక సర్కారు ఆఫీసుకు వెళ్ళాను. చనిపోయినట్టు కాగితం తెస్తే తవ్వడానికి అనుమతి గురించి చూస్తామన్నారు. కాగితం ఎలా వస్తుందంటే, శవాన్ని చూపిస్తే వస్తుందన్నారు. దొంగతనంగా తవ్వుదామంటే కాంట్రాక్టరు కాపలావాళ్ళు గేటు కదలరు. ఎముకల మూటతో దొరికితే నేనే హంతకుణ్ణవుతాను. ఈలోగా యంత్రాలు వచ్చాయి. పైన అడుగు మట్టి గీకేసి, కొత్త మట్టి పోశారు. అతను ఇంకా కిందే ఉన్నాడు, అది నాకు తెలుసు. ఆ మూల దగ్గరికొచ్చేసరికి ముదీర్ స్వయంగా వచ్చి నిలబడి, “ఇక్కడ పోయినసారి లారీ దిగింది, గట్టిగా తొక్కించండి” అన్నాడు. రోలరు ఆ మూల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేను పంపు రూంలోకి వెళ్ళి చెవులు మూసుకున్నాను.

ఊరికి క్యాసెట్ రికార్డు చేసి పంపుదామని టేపు పెట్టుకుని కూర్చున్నాను. బాగున్నారా అని అడిగి ఆపేశాను.

గడ్డి కుదురుకున్నాక ఒక శుక్రవారం పంపు రూంకి ఫోనొచ్చింది. “అన్నా, నేను రమణమ్మ. కువైట్‌లోనే, ఫర్వానియాలో ఉండా.”

“ఎప్పుడొచ్చినావు? ఎందుకొచ్చినావు తల్లీ?”

“ఖాదిం వీసా మీద ఒక ఇంట్లో పనికొచ్చినా. ఆయప్పను తీస్కపోను.”

స్టేడియం గేటు దగ్గర ఆమెను కలిసి లోపలికి తీసుకొచ్చాను. దారంతా చెప్పాలని చూసి చెప్పలేకపోయాను. సొరంగం దాటి మైదానంలోకి రాగానే ఆమెకే కనపడింది. పచ్చగా, చారలు చారలుగా, వంకన్నది లేకుండా. ఆమె మూల దాకా నడిచి, జెండా కర్ర పక్కన కూర్చుని, గడ్డి మీద అరచెయ్యి పెట్టింది.

“తవ్వు అన్నా” అంది.

అప్పుడు చెప్పాను అంతా. ముదీర్ ఏమన్నాడో, ఆఫీసులో ఏమన్నారో. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “బాగా వచ్చింది గడ్డి” అంది.

అంతలో ముదీర్ మైదానం చూసుకోవడానికి వచ్చాడు. ఎవరీమె అని అడిగాడు. ఓబులేసు భార్య అన్నాను. ఆయన మొహం నల్లబడింది. రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. కాసేపు ఉండనివ్వు అని నాతో అని, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “చెప్పులు విప్పమను. గడ్డి ఇంకా లేత” అన్నాడు.

ఆమె చెప్పులు సొరంగం దగ్గరే విప్పేసింది.

ఇక్కడే ఏదైనా పని ఇప్పించమని ఆమె నన్నడిగింది. ఊడ్చే పనైనా చాలంది. ఖాదిం వీసా వాళ్ళు ఇంటిపని వదిలి కంపెనీలోకి మారడానికి లేదు. అదీ చెప్పాల్సి వచ్చింది. ఆమె మళ్ళీ ఫర్వానియా బస్సెక్కింది.

పోటీ రోజు స్టేడియం నిండిపోయింది. ఆట ముందు యుద్ధంలో పోయినవాళ్ళ కోసం అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తర్వాత అతిథులు గడ్డిని మెచ్చుకుంటుంటే ముదీర్ అందరికీ చేతులు కలిపాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అక్కడే. పచ్చటి మైదానం చూసి నేను ఇక మెచ్చుకోను. దీనికి నీళ్ళు పెట్టినవాడు ఎవడు, వాడిప్పుడు ఎక్కడున్నాడు అని అడుగుతాను.

మర్నాడు పొద్దున రమణమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ మామా ఇంట్లో టీవీలో ఆట చూసిందట.

“ఒక పిల్లోడు గోలు కొట్టి ఉరుక్కుంటా మన మూలకే వచ్చినాడన్నా. జెండా కాడ మోకాళ్ళ మీద పడి, నొసలు నేలకు ఆనిచ్చి మొక్కినాడు. మా మామా, పిల్లోళ్ళు చప్పట్లు కొడతాండారు. నేను కాఫీ గిన్నెలు పట్టుకోని నిలబడి సూస్తాండా. ఆయప్ప సచ్చిపోయినాక దినం సెయ్యలేదు, తద్దినం పెట్టలేదు, ఒక పువ్వు వెయ్యలేదు. ఆయప్పకు మొక్కినోడు వాడొక్కడేనన్నా.”